ఫ్రాంక్‌ఫర్టు గడియారం, హైదరాబాదు పడకగది

గృహోపకరణాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రేడియో సంకేతంతో తనంతట తానే సమయం సరిచేసుకుని, చీకట్లో పైకప్పు మీద ఎర్రటి అంకెలు చూపించే అలారం గడియారాల గురించి ఈ నెల ఆరుగురు పాఠకులు రాశారు. ఇవి మన బజారులో కొన్నవి తక్కువ, విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చినవే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వీటికే కేటాయించాను.

తార్నాక నుంచి ఒక పాఠకుడు: మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ప్రొజెక్షన్ గడియారం ఒకటి తెచ్చి, “దీన్ని ఎవరూ సెట్ చేయనక్కర్లేదు నాన్నా, రేడియో తరంగాలతో అదే సరిచేసుకుంటుంది” అని చెప్పి వెళ్లాడు. సెల్లు వేసిన ప్రతిసారీ తెర మీద టవర్ బొమ్మ కొన్ని నిమిషాలు మిణుకుమిణుకుమని ఆగిపోతుంది, సమయం సున్నా నుంచి మొదలవుతుంది. మేడ మీదికి తీసుకెళ్లి కూడా చూశాను. గడియారం చెడిపోయిందా? వాడు నొచ్చుకుంటాడని ఇంతవరకు చెప్పలేదు.

జవాబు: మీ గడియారం చెడిపోలేదు. అది వినవలసిన సంకేతం హైదరాబాదు దాకా రాదు, అంతే.

ఫ్రాంక్‌ఫర్టుకు దగ్గరలో మైన్‌ఫ్లింగెన్ అనే చోట డీసీఎఫ్77 అనే ప్రసార కేంద్రం ఉంది. పరమాణు గడియారాలు చూపే సమయాన్ని అక్కడి నుంచి 77.5 కిలోహెర్ట్జ్ దీర్ఘతరంగం మీద రాత్రింబవళ్లు ప్రసారం చేస్తుంటారు. 1959లో మొదలైన ఈ ప్రసారంలో 1973 నుంచి గంటలు, నిమిషాలు, తేదీ కూడా సంకేత రూపంలో చేరాయి. ప్రతి సెకను మొదట్లో తరంగం బలం బాగా తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఆ తగ్గుదల సెకనులో పదో వంతు నిలిస్తే సున్నా అనీ, అయిదో వంతు నిలిస్తే ఒకటి అనీ గడియారం లెక్క వేసుకుంటుంది. నిమిషంలో చివరిదైన 59వ సెకనులో మాత్రం ఈ తగ్గుదల ఉండదు. ఆ నిశ్శబ్దాన్ని బట్టి కొత్త నిమిషం మొదలవబోతోందని అది గ్రహిస్తుంది. అంటే సెకనుకు ఒక అంకె చొప్పున నిమిషం పొడుగునా ఓపికగా వింటే తప్ప దానికి సమయం తెలియదు, మధ్యలో నాలుగు అంకెలు గజిబిజి అయితే మళ్లీ మొదటి నుంచి వినవలసిందే. టవర్ బొమ్మ మిణుకుమంటున్నంత సేపూ మీ గడియారం చేస్తున్న పని అదే.

ఈ సంకేతం మైన్‌ఫ్లింగెన్ నుంచి దాదాపు 2,000 కిలోమీటర్ల వరకు అందుతుంది. మనమేమో అక్కడికి దాదాపు 7,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. మేడ మీదికి తీసుకెళ్లడం జర్మనీలోనైతే పనికొచ్చే ఉపాయమే, ఎందుకంటే శ్లాబులోని ఇనుప చువ్వలు, పక్కనున్న టీవీ, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు ఆ బలహీనమైన తరంగాన్ని పాడుచేస్తాయి. అసలు రాని సంకేతాన్ని ఎంత మేడ ఎక్కినా పట్టలేం. ఇలాంటి కేంద్రాలు బ్రిటన్‌లోని ఆంథోర్న్‌లోనూ, అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనూ, జపాన్‌లో రెండుచోట్లా, చైనాలోని షాంగ్‌చియూలోనూ ఉన్నాయి గానీ మన దేశంలో దీర్ఘతరంగం మీద ఇటువంటి ప్రసారం లేదు. భారత ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది, కానీ దాన్ని అందుకోవడానికి ఇంటర్నెట్టు వంటి దారులున్నాయే తప్ప మీ గడియారంలో ఉన్న యాంటెన్నాకు అది అందదు.

ఒకవేళ సంకేతం అందినా ఇంకో చిక్కు ఉండేది. మన సమయం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు. కాకినాడకు సమీపంగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకోవడం వల్ల ఆ అరగంట వచ్చింది. జర్మనీతో మన తేడా చలికాలంలో నాలుగున్నర గంటలు, అక్కడ గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి సమయం అమలులో ఉన్నప్పుడు మూడున్నర గంటలు. ఐరోపాలో అమ్మే ఇటువంటి గడియారాల్లో చాలావాటిలో టైమ్ జోన్ సర్దుబాటు గంటల లెక్కనే జరుగుతుంది, అరగంటకు చోటుండదు. కాబట్టి మీరు చేయవలసింది ఆ గడియారాన్ని వినడం మాన్పించి, చేత్తో సెట్ చేయడమే.

ముందు అడాప్టర్ తీసేసి, సెల్లు కూడా తీసి, అయిదు నిమిషాలు ఆగండి. తరువాత కొత్త ఆల్కలైన్ సెల్లు వేయండి. వెంటనే టవర్ బొమ్మ మిణుకుమనడం మొదలవుతుంది. అది వినే పనిలో ఉన్నప్పుడు చాలా గడియారాలు మిగతా బటన్లకు స్పందించవు, “బటన్లు కూడా పనిచేయడం లేదు” అని చాలామంది పొరబడేది ఇక్కడే. అయిదు నుంచి పది నిమిషాల్లో అదే విసిగి ఆగిపోతుంది. అంతవరకు ఆగలేకపోతే టవర్ గుర్తు ఉన్న బటన్‌ను, అది లేకపోతే కిందికి చూపే బాణం గుర్తు బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలా నమూనాల్లో సంకేతం వెతకడాన్ని ఆపే పద్ధతి ఇదే, మీ మాన్యువల్‌లో టవర్ బొమ్మ ఉన్న పేజీ చూస్తే ఏ బటనో తేలిపోతుంది. తరువాత సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే అంకెలు ఒక్కొక్కటిగా వెలిగి ఆరుతూ వస్తాయి. టైమ్ జోన్ దగ్గర సున్నా ఉంచండి, గంటలు, నిమిషాలు, సంవత్సరం, నెల, తేదీ మన లెక్క ప్రకారం ఇవ్వండి. జోన్ దగ్గర నాలుగో అయిదో పెట్టి మిగతాది సర్దుదామని చూస్తే, తరువాత ఎప్పుడైనా జోన్ మారినప్పుడు లెక్క తప్పి తికమక పడతారు.

సెకన్లు కూడా సరిపోవాలంటే ఒక చిన్న కిటుకు ఉంది. చాలా గడియారాల్లో సెట్ చేయడం ముగించిన క్షణాన సెకన్లు సున్నా నుంచి మొదలవుతాయి. అందుకని రాబోయే నిమిషాన్ని ముందే పెట్టుకుని, ఫోనులో నిమిషం మారిన క్షణాన చివరిసారి సెట్ బటన్ నొక్కండి. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్‌ను నమ్ముకుంటే మామూలు రేడియోలో వినండి. ఫోను యాప్‌లో వచ్చే ఆకాశవాణి కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది.

ఇలా సెట్ చేశాక అది మామూలు క్వార్ట్జ్ గడియారంలా నడుస్తుంది. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం దానికి ఆధారం. ఆ స్ఫటికం సరిగ్గా నడిచేది 25 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉన్నప్పుడు. ఉష్ణోగ్రత అంతకంటే పెరిగినా తగ్గినా అది నెమ్మదిస్తుంది. మన వేసవిలో గది 40 డిగ్రీలకు చేరి అలాగే ఉంటే ఆ ఒక్క కారణం చేతనే రోజుకు అర సెకనుకు పైగా, అంటే నెలకు దాదాపు ఇరవై సెకన్లు వెనకబడవచ్చు. నెల మొదటి తేదీన ఒకసారి సరిచేసుకుంటే చాలు.

కొన్ని గడియారాల్లో వినే పనిని పూర్తిగా ఆపే ఏర్పాటు ఉండదు. అవి ప్రతి అర్ధరాత్రి దాటాక ఒకటి నుంచి మూడు గంటల మధ్య మళ్లీ వెతుకుతాయి. ఏమీ దొరకకపోతే మీరు పెట్టిన సమయాన్నే ఉంచుతాయి కనుక భయం లేదు, కాకపోతే సెల్లు కాస్త త్వరగా అయిపోతాయి. అబ్బాయికి ఈ సంగతి తప్పక చెప్పండి. ఇందులో అతని తప్పూ లేదు, గడియారం తప్పూ లేదు. తండ్రి రాత్రి పూట లేచి లైటు వేయకుండా టైము చూసుకుంటున్నాడని తెలిస్తే అతను సంతోషించేదే ఎక్కువ.

మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మాయి అమెరికా నుంచి పంపిన గడియారం అడాప్టర్ మన ప్లగ్గులో పట్టడం లేదు. ముప్పై రూపాయల పిన్ కన్వర్టర్ కొని పెట్టుకోవచ్చా?

జవాబు: ఆ అడాప్టర్ మీద సన్నని అక్షరాల్లో ఉన్న “ఇన్‌పుట్” అనే పంక్తి చదివేదాకా దయచేసి పెట్టకండి. అక్కడ 100 నుంచి 240 వోల్టుల వరకు అని ఉంటే పిన్ కన్వర్టర్ సరిపోతుంది. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు అది నిమిషాల్లో కాలిపోవచ్చు, పొగ కూడా రావచ్చు. పిన్ కన్వర్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్నే, వోల్టేజీని కాదు. ఈ తేడా తెలియక పాడైన సామాను మన ఇళ్లలో చాలానే ఉంది.

అలాంటప్పుడు గడియారాన్ని పారేయనక్కర్లేదు. అడాప్టర్ మీదే “అవుట్‌పుట్” అని ఉన్నచోట ఎన్ని వోల్టులో, ఎంత కరెంటో, పిన్ను మధ్యభాగం ప్లస్సో మైనస్సో బొమ్మతో సహా ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, గడియారాన్ని కూడా వెంట తీసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే అదే వోల్టేజీ ఇచ్చే అడాప్టర్ దొరుకుతుంది. కరెంటు అంకె ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, వోల్టేజీ, ప్లస్ మైనస్‌లు మాత్రం తప్పకూడదు. దుకాణంలోనే పెట్టి చూసి తెచ్చుకోండి.

సెట్ చేసే పద్ధతి పైన చెప్పిందే. అమెరికా నమూనాల్లో ఆ దేశపు జోన్లే ఉంటాయి, వాటిలో ఏది ఉంచినా ఒకటే. డేలైట్ సేవింగ్ అనే వేసవి సమయం ఏర్పాటును మాత్రం ఆపేయండి, లేకపోతే మార్చిలో ఒక ఆదివారం పొద్దున గడియారం ఒక గంట ముందుకు దూకి కనిపిస్తుంది.

మీ ఇంట్లో సెల్లు లేకుండా నేరుగా కరెంటుతో నడిచే పాత అమెరికా గడియారం కూడా ఉంటే ఇంకో సంగతి. వాటిలో కొన్ని కరెంటు డోలనాలను లెక్కపెట్టి నడుస్తాయి. అక్కడ సెకనుకు 60, ఇక్కడ 50. వోల్టేజీ సరిచేసినా అలాంటిది గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది, దానికి ఇక్కడ మందు లేదు.

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు: పైకప్పు మీద అంకెలు పడుతున్నాయి గానీ అలికినట్టు మసకగా, ఒక్కోసారి తలకిందులుగా, పైగా వణుకుతూ కనబడుతున్నాయి. అయిదు సెకన్లలో ఆరిపోతున్నాయి కూడా. కళ్లు చూపించుకోవాలా, గడియారమా?

జవాబు: వణుకుడుకు కారణం మీ కళ్లు కాదు, సీలింగు ఫ్యాను. నాకిది అనుభవం. మా పడకగదిలో మొదటి రాత్రి గడియారాన్ని మంచం పక్క బల్ల మీద పెట్టి, తల ఎత్తకుండా చూడవచ్చని సరిగ్గా నా ముఖం పైకి తిప్పాను. నాలుగో నంబరులో తిరుగుతున్న ఫ్యాను రెక్కలు ఆ వెలుగును ముక్కలుగా కోసేసి, 2:40 అనే అంకెలు నీళ్లలో కదిలినట్టు కనిపించాయి. ఐరోపా పడకగదుల్లో సాధారణంగా ఫ్యాను ఉండదు కనుక ఆ గడియారాల మాన్యువల్‌లో దీని ప్రస్తావనే ఉండదు. మన ఇళ్లలో గది నడిమధ్యన ఫ్యాను ఉంటుంది, మంచం దాని కిందే ఉంటుంది.

మన ఫ్యాన్లలో చాలావాటి రెక్కలు తిరిగే వలయం వ్యాసం 1,200 మిల్లీమీటర్లు, అంటే ఫ్యాను మధ్య నుంచి రెండడుగుల దాకా రెక్క తిరుగుతుంది. అది శ్లాబుకు అడుగు కిందుగా వేలాడుతుంది కనుక వెలుగు ఏటవాలుగా వెళ్తే రెక్కల అంచు దాటిన చోట పడినట్టే ఉన్నా దారిలో తగలవచ్చు. అందుకని అంకెలు ఫ్యాను మధ్యకు కనీసం మూడడుగుల దూరంలో పడేలా చూడండి. తలవైపు గోడకూ పైకప్పుకూ కలిసే మూల కంటే కాళ్లవైపు గోడ మీద, కప్పుకు అడుగు కిందుగా పడితే దిండు మీది నుంచి చూడడం తేలిక. చివరకు నేను స్థిరపడిన చోటు అదే. దోమతెర కట్టుకునే అలవాటుంటే గడియారాన్ని తెర బయట పెట్టి, వెలుగు తెరను తాకకుండా పోయేలా తిప్పండి. తెరలోంచి వెళ్తే సన్నని గళ్లు అంకెల మీద పడి చదవడం కష్టమవుతుంది.

మసకకు మందు కటకం చుట్టూ ఉండే ఫోకస్ వలయం. దీన్ని పగలు సరిచేయలేరు, గది పూర్తిగా చీకటి చేసి, పడుకునే చోట పడుకుని, ఇంకొకరి చేత తిప్పించుకోండి. ఈ గడియారాల్లో చాలావాటికి మూడు, నాలుగు మీటర్ల వరకే అంకెలు స్పష్టంగా పడతాయి. మన అపార్టుమెంటుల్లో శ్లాబు ఎత్తు పదడుగులకు అటూ ఇటూగా ఉంటుంది, బల్ల ఎత్తు రెండడుగులు తీసేస్తే ఎనిమిదడుగులు, అది చక్కగా సరిపోతుంది. డూప్లెక్సు ఇంట్లో రెండంతస్తుల ఎత్తున్న కప్పు మీద మాత్రం ఎంత తిప్పినా కుదరదు, దగ్గరలోని గోడను వాడుకోండి. తలకిందులుగా కనిపిస్తే అంకెలను తిప్పే బటన్ ఉంటుంది, అది లేని నమూనాలో ప్రొజెక్టరు మెడనే అటునుంచి ఇటు తిప్పాలి.

అయిదు సెకన్లలో ఆరిపోవడం లోపం కాదు. సెల్లు త్వరగా అయిపోకుండా, పై బటన్ నొక్కినప్పుడు మాత్రమే కాసేపు వెలిగేలా చేశారు. రాత్రంతా వెలగాలంటే అడాప్టర్ పెట్టి, వెనకనో పక్కనో ఉన్న చిన్న స్విచ్చును ఆన్ వైపు జరపాలి. అడాప్టర్ పెట్టాక కూడా సెల్లు లోపలే ఉంచండి, కరెంటు పోయినా సమయం పోదు. ఎరుపు వెలుగు నిద్రను చెదరగొడుతుందేమోనని ఇంట్లోవారు అంటే, మిగతా రంగులతో పోలిస్తే చీకటికి అలవాటుపడిన చూపును ఎరుపు తక్కువగా ఇబ్బంది పెడుతుందని చెప్పండి. అందుకే ఎక్కువ గడియారాల్లో ఆ రంగే పెడతారు.

సైనిక్‌పురి నుంచి ఒక పాఠకుడు: గడియారంతో పాటు వచ్చిన బయటి ఉష్ణోగ్రత పెట్టె ఏప్రిల్‌లో మధ్యాహ్నం 51 డిగ్రీలు చూపించింది. ఇప్పుడేమో అంకెల బదులు గీతలే వస్తున్నాయి.

జవాబు: 51 డిగ్రీలు ఎండది, గాలిది కాదు. ఆ పెట్టెను బాల్కనీలో ఉత్తరం వైపు నీడలో, గోడకు కాస్త ఎడంగా, ఏసీ బయటి యూనిట్ వేడిగాలి తగలని చోట వేలాడదీయండి. గీతలకు కారణం చాలాసార్లు సెల్లు అయిపోవడమే. రెండింటిలోనూ సెల్లు తీసి, ముందు బయటి పెట్టెలో, తరువాత గడియారంలో వేస్తే అవి ఒకదాన్నొకటి మళ్లీ గుర్తుపడతాయి. బయటి పెట్టెకూ గడియారానికీ మధ్య జరిగే సంభాషణ మీ ఇంట్లోదే, జర్మనీ సంకేతంతో దానికి సంబంధం లేదు.

చంచల్‌గూడ నుంచి ఒక పాఠకుడు: రంజాన్‌లో సహరీకి ఒక అలారం, ఆఫీసుకు ఒకటి పెట్టాను. ఆఫీసుది మోగింది, సహరీది మోగలేదు. సాయంత్రం నాలుగింటికి మోగి ఇల్లంతా ఉలిక్కిపడింది.

జవాబు: పన్నెండు గంటల పద్ధతిలో నాలుగు అని పెట్టినప్పుడు అది పీఎంకు పడింది. గడియారాన్ని 24 గంటల పద్ధతికి మార్చి, 04:00 అని పెట్టండి, ఈ పొరపాటుకు ఇక చోటుండదు. రెండు అలారాలున్న గడియారాల్లో గంట బొమ్మలు కూడా రెండుంటాయి, పడుకునే ముందు రెండూ తెర మీద ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని నమూనాల్లో సోమవారం నుంచి శుక్రవారం వరకే మోగే ఏర్పాటు ఉంటుంది, అది సహరీ అలారానికి తగిలించి ఉంటే శని, ఆదివారాల్లో మోగదు, పైగా తేదీ, సంవత్సరం తప్పుగా సెట్ చేసి ఉంటే వారం కూడా తప్పుతుంది. సహరీ ముగిసే వేళ నెల పొడుగునా కొద్దికొద్దిగా మారుతుంది కనుక నాలుగైదు రోజులకొకసారి అలారాన్నీ జరపండి.

హిమాయత్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు: జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లి ఆరు నెలలు ఉంటాను. ఇక్కడ చేత్తో సెట్ చేసుకున్న జర్మనీ గడియారం అక్కడ తనంతట తాను పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది. మైన్‌ఫ్లింగెన్ నుంచి లండన్ వెయ్యి కిలోమీటర్ల లోపే. ఇక్కడ ఆపేసిన సంకేతం వెతికే ఏర్పాటును మళ్లీ ఆన్ చేసి, టైమ్ జోన్ దగ్గర మైనస్ ఒకటి పెట్టండి, ఎందుకంటే వచ్చేది జర్మనీ సమయం, లండన్ ఏడాది పొడుగునా దానికి ఒక గంట వెనక ఉంటుంది. మొదటి రాత్రి గడియారాన్ని కిటికీ దగ్గర, టీవీకీ కంప్యూటరుకూ రెండు మీటర్ల ఎడంగా పెట్టి కదపకుండా వదిలేయండి. దీర్ఘతరంగం రాత్రిపూట బాగా అందుతుంది. పొద్దున్నే టవర్ బొమ్మ మిణుకుమనడం మాని నిలకడగా కనిపిస్తే సంకేతం అందినట్టే. అప్పటికీ అందకపోతే గడియారాన్ని పావు వంతు పక్కకు తిప్పి ఇంకో రాత్రి చూడండి. లోపలి యాంటెన్నా ఒక చిన్న కడ్డీ, దాని కొస ప్రసార కేంద్రం వైపు ఉంటే సరిగా వినదు, దాని పక్కభాగం అటు తిరగాలి. అక్టోబరు చివరి ఆదివారం వేసవి సమయం ముగిసినప్పుడు గంట వెనక్కి వెళ్లడం కూడా అదే చూసుకుంటుంది. తిరిగి వచ్చే ముందు సెల్లు తీసేయండి, హైదరాబాదులో మళ్లీ చేత్తో సెట్ చేసుకోవాలి.